దారం వంటి పురుగు

పిల్లలూ! పాఠంలో పెద్ద మాట యెదురైతే భయపడకుండా, దాన్ని చెరుకుగడలాగా కణుపు దగ్గర విరిచి చూడమని నేను వుద్యోగంలో వున్నన్నాళ్ళూ చెబుతూ వచ్చాను. ఇవాళ "నెమటోడ్" అనే మాటను విరుద్దాం. ఇది గ్రీకు మాట. "నెమా" అంటే దారం. చివరనున్న ముక్కకు "వంటిది" అని అర్థం. సన్నగా, గుండ్రంగా వుండే ఒక పురుగుల జాతికి శాస్త్రజ్ఞులు యీ పేరు పెట్టారు. కడుపులో చేరే నులిపురుగులూ, యేలికపాములూ యీ జాతివే. వానపాము మాత్రం కాదు. దాని వొంటినిండా వుంగరాలున్నాయి గదా!

యీ జాతిలో అచ్చంగా దారంలా వుండేది నారికురుపు పురుగు. నారి అంటే వింటికి బిగించే తాడు. గ్రీకు రాకపోయినా మనవాళ్ళకూ అలాంటి పోలికే తోచింది, చూశారా? ఆడపురుగు లావు రెండు మిల్లీమీటర్లకు మించదు. పొడుగు మాత్రం మీటరు దాకా వుంటుంది.

రాయలసీమలో నా చిన్నతనాన, మేము తాతా అని పిలిచే రైతు ఒకాయన అరుగుమీద కాలు చాపుకుని కూర్చునేవాడు. మడమ దగ్గర పుండు, పుండులోంచి తెల్లటి దారం, ఆ దారం చుట్టిన పుల్ల. రోజుకు ఒకటి రెండంగుళాలు చుట్టేవాడు.

"ఒక్కసారే లాగెయ్యరాదా, తాతా?" అని అడిగాను.

"తెగితే కాలు వాచిపోతుంది, నాయనా!" అన్నాడు.

అలా వారాలు గడిచాయి. ఆ యేడు ఆయన పొలంలో విత్తనం పడలేదు.

పుండు భగ్గున మండుతుంది. కాలు నీళ్ళలో పెడితే హాయి. పురుగుకు కావలసిందీ అదే! కాలు దిగుడుబావిలో మునగగానే అది వేలకొద్దీ పిల్లలను నీళ్ళలోకి వదులుతుంది. వాటిని సైక్లాప్స్ అనే నలుసంత నీటిపురుగు మింగుతుంది. ఆ నీళ్ళు తాగినవాడి వొంట్లో సుమారు యేడాదికి మరో దారం తయారు.

దీనికి టీకా లేదు, చంపే మందూ లేదు. నీళ్ళు గుడ్డతో వడగట్టుకున్నారు. దిగుడుబావులను చేదబావులుగా మార్చారు. అంతే! మన దేశంలో ఆఖరి రోగి 1996లో రాజస్థాన్‌లో కనిపించాడు. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యీ జబ్బు భారతదేశంలో లేదని ధ్రువపరిచింది. 1986లో ప్రపంచంలో సుమారు 35 లక్షలమంది దీనితో బాధపడ్డారు. 2023లో లెక్కకు వచ్చినవారు 14 మంది, అందరూ ఆఫ్రికావారే.