కరెంటు నడిచే దారి

రాత్రంతా కురిసిన వాన తెల్లవారుజామున తెరిపిచ్చింది. చిలకలగూడ నుంచి బండి తీశాను. రాజీవ్ రహదారి మీద సిద్దిపేట దాకా సుమారు వంద కిలోమీటర్లు, ఓపికుంటే అక్కణ్ణుంచి కరీంనగర్. క్లాక్ టవర్ దగ్గర మలుపు తిరుగుతుంటే ఇంజన్ ఒక్క క్షణం తడబడి సర్దుకుంది. ప్యాట్నీ దాటి, పరేడ్ గ్రౌండ్స్ పక్కగా జూబ్లీ బస్ స్టేషన్ చేరేసరికి జిల్లా బస్సులు బారులు తీరి ఉన్నాయి. టీ తాగడానికి ఆగాను.

తిరిగొచ్చి తాళం తిప్పితే న్యూట్రల్ లైటు వెలగలేదు. సెల్ఫ్ నొక్కితే చప్పుడు లేదు, హారన్ లేదు. బండి ఆగినచోట సలహాలకు కొదవుండదు. బ్యాటరీ పోయింది, కొత్తది వేయించమన్నారు ఒకరు. వానకు ప్లగ్ తడిసిందన్నారు ఇంకొకరు. ప్లగ్ తడిస్తే ఇంజన్ అందుకోదు, నిజమే. కానీ న్యూట్రల్ లైటుకు ప్లగ్‌తో పనేముంది? బ్యాటరీ మాటకు మాత్రం కొంత అర్థముంది. అయితే నిన్నటిదాకా బలంగా తిప్పిన బ్యాటరీ టీ తాగేంతలో చుక్క కరెంటు లేకుండా చచ్చిపోవడం అరుదు. నీరసించిన బ్యాటరీ ముందు హారన్ గొంతు తగ్గిస్తుంది, ఇండికేటర్లను మినుకుమనిపిస్తుంది. అన్నీ ఒక్కసారే ఆరిపోయాయంటే దారి ఎక్కడో తెగినట్టు.

కార్ఖానా వైపు నెట్టుకుంటూ నడిచాను. 1806లో మూడో నిజాం సికిందర్ జా పేరు పెట్టుకున్న ఈ కంటోన్మెంటు ఊరిని బండి మీద పోయేవాడు సరిగా చూడడు. నెట్టుకుంటూ పోయేవాడికి మిలటరీ గోడలు, వాటిమీదికి వాలిన వేపచెట్లు, గోడకూ రోడ్డుకూ మధ్య దొరికిన కాస్త జాగాలో బతుకుతున్న చిన్న చిన్న దుకాణాలు ఒక్కొక్కటీ కనబడతాయి. అలాంటి జాగాలోనే రేకుల కింద ఒక మెకానిక్ అప్పుడే సామాను బయట పెట్టుకుంటున్నాడు. అరవై దాటినవాడు.

"ఏమైంది తమ్మీ?"

"అసలు కరెంటే రావట్లేదన్నా."

"ప్లగ్గు గిట్ల ఇప్పకు. జర ఆగు."

సీటు తీసి బ్యాటరీకి మీటర్ పెట్టాడు. 12.6 వోల్టులు. 12 వోల్టుల బ్యాటరీ నిండుగా ఉండి, ఊరికే నిలబడినప్పుడు చూపించే లెక్క అది. టెర్మినళ్ళు కదిపి చూశాడు, గట్టిగానే ఉన్నాయి. ఫ్యూజు తీసి వెలుతురుకు ఎదురుగా పట్టుకున్నాడు, తెగలేదు. ఆ తర్వాత మీటర్ పక్కన పెట్టేసి, ఇండికేటర్ బల్బుకు రెండు వైర్లు కట్టి చేసుకున్న టెస్ట్ లాంప్ తీశాడు. మీటర్ ఉండగా అదెందుకని అడిగాను.

"మీటర్ అబద్ధమాడది గానీ, సగమే చెప్తది. వైరుల ఒక్క పోగున్నా పన్నెండు వోల్టులు సూపిస్తది. బల్బుకు కరెంటు గుంజాలె. ఆ పోగుతోని బల్బు ఎల్గది."

ఎలక్ట్రికల్ పాఠాల్లో నేను విన్నదానికంటే స్పష్టమైన మాట ఇది. మీటర్ లోపల కరెంటు దాదాపు పారదు, అందుకే సన్నటి పోగు కూడా దానికి చాలు. బల్బు ఆ వైరుతో పని చేయిస్తుంది.

లాంప్ ఒక కొస బ్యాటరీ నెగెటివ్‌కు తగిలించి, రెండో కొసతో కరెంటు వెంట నడిచాడు. ఫ్యూజుకు ఇవతల వెలిగింది, అవతలా వెలిగింది. ట్యాంకు కింది కప్లర్ దగ్గరా వెలిగింది. తాళం వెనక వైరు దగ్గర వెలగలేదు. ఒక ఊరి దాకా వచ్చిన మనిషి పక్క ఊరికి చేరలేదంటే వెతకాల్సింది ఆ రెంటి మధ్యనే.

"యాడన్న మలుపుల మిస్ అయిందా?"

క్లాక్ టవర్ సంగతి చెప్పాను. తలూపి, హ్యాండిల్ ఎడమకు తిప్పాడు. లాంప్ వెలిగింది. కుడికి తిప్పితే ఆరింది.

హ్యాండిల్ తిరిగినప్పుడల్లా మెడ దగ్గర వైర్ల కట్ట వంగుతుంది. ఏళ్ళ తరబడి వంగీ వంగీ లోపలి రాగి పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. పైన ప్లాస్టిక్ తొడుగు మాత్రం కొత్తదానిలా ఉంటుంది. ఆయన తొడుగు చీరితే లోపల రాగి నల్లబడి విడిపోయి ఉంది. చెడిన ముక్క కోసేసి, వంపుకు సరిపడా కొంచెం ఎక్కువ పొడవున్న వైరు కలిపి, టంకం పెట్టి, స్లీవ్ తొడిగాడు. టంకం వేసినచోట వైరు బిరుసెక్కుతుందట. అందుకని జాయింటు వంగేచోట కాకుండా పక్కకు జరిపాడు. నేనైతే ఆ జాగ్రత్తకే ఎక్కువ విలువ కడతాను. తెగిన వైరు ఎవరైనా అతుకుతారు. ఇది మళ్ళీ తెగకూడదని ఆలోచించేవాడు కావాలి.

ఇంజన్ అందుకున్నాక కూడా వదల్లేదు. రేస్ పెంచి బ్యాటరీ మీద మళ్ళీ మీటర్ పెట్టించాడు. 14.1. ఛార్జింగ్ సరిగా ఉంటే పదమూడున్నరకూ పద్నాలుగున్నరకూ మధ్య ఉండాలి. కిందికుంటే బ్యాటరీ ఎన్నిసార్లు మార్చినా ఖాళీ అవుతుంది, బాగా పైకుంటే ఉడికిపోతుంది. రాణిగంజ్‌కు పోతే ఏ స్పేర్ పార్టయినా దొరుకుతుంది. ఏ పార్టు చెడిందో ముందు తేల్చేవాడు దొరకడమే కష్టం. అలాంటివాళ్ళ విద్యకు మనం కూలి ఇస్తున్నాం గానీ తగిన గౌరవం ఇవ్వడం లేదు.

తిరుమలగిరి, లోతుకుంట, అల్వాల్. బొల్లారంలో రాష్ట్రపతి నిలయం, ఆపైన హకీంపేట వైమానిక స్థావరం. శామీర్‌పేట చెరువు దాకా ఎక్కడా ఆగలేదు.

అక్కడ రోడ్డు పక్కన ఒక కుర్రాడు కొత్త బండిని నెట్టి, గేరులో వేసి వదులుతూ చెమటలు కక్కుతున్నాడు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు వచ్చాక మన బళ్ళలో చాలావాటికి కార్బొరేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. చాలావాటికి కిక్ రాడ్ కూడా లేదు. పెట్రోలు పంపుకే కరెంటు కావాలి కాబట్టి, కరెంటు బొత్తిగా అందకపోతే ఎంత నెట్టినా లాభం లేదు.

"ఆగు తమ్ముడూ. సెల్ఫ్ నొక్కు, విందాం."

లైట్లు బాగానే వెలుగుతున్నాయి. నొక్కగానే టిక్కుమంది, లైట్లన్నీ ఆరిపోయాయి. రిలే పలుకుతోందంటే స్విచ్చులన్నీ దాటి మాట అక్కడికి చేరుతున్నట్టే. లైట్లకు కొద్ది కరెంటు చాలు, సెల్ఫ్ మోటారు పదుల ఆంపియర్లు లాగుతుంది. ఇక మిగిలింది బ్యాటరీ, లేదా దాని కొసలు. సీటు తీయిస్తే నెగెటివ్ టెర్మినల్ చేత్తోనే కదిలింది, చుట్టూ తెల్లటి పొడి పేరుకుని ఉంది. ముందు నెగెటివ్, తర్వాత పాజిటివ్ విప్పి, గరుకు కాగితంతో రుద్ది, బిగించేటప్పుడు నెగెటివ్‌ను చివర పెట్టాం. నెగెటివ్ విప్పేసి ఉంటే పానా పొరపాటున బాడీకి తగిలినా షార్ట్ కాదు.

నొక్కగానే ఇంజన్ అందుకుంది.

"కరీంనగర్‌లో కొత్త బ్యాటరీ వేయించుకోమంటారా అన్నా?"

"ముందు రేస్ పెంచి వోల్టులు చూడమను. పద్నాలుగు దగ్గర చూపిస్తే నీ డబ్బులు జేబులోనే ఉంచుకో."

అంకె గుర్తుండాలని ఫోన్లో రాసుకున్నాడు. ప్రజ్ఞాపూర్ దాకా ఇద్దరం ఒకే దారిలో పోయాం.