కాలదోషము

మా వృత్తి తెలుగు నేర్పుట. ఉపాధ్యాయ శిక్షణ కళాశాల వదలిన నాటినుండి ఇరువది సంవత్సరములుగా నల్లబల్ల ముందు నిలిచి "మాట్లాడితిని, మాట్లాడితివి, మాట్లాడెను" అని క్రియారూపములను వల్లె వేయించుచున్నాము. పిల్లలు తప్పు వ్రాసినచోట ఎఱ్ఱసిరాతో గీత గీసి, అంచున "కాలదోషము" అని వ్రాయుట మాకు తలపోయకయే చేయగల పనియైనది. అట్టి మాకు నలువదియైదవ యేట ఒక పరభాషా క్రియ పాఠము చెప్పినది. ఆ పాఠము వ్యాకరణముతో మొదలైనదే గాని వ్యాకరణముతో ముగియలేదు. కావున దానిని ఈ సంచికలో మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును, తోడి ఉపాధ్యాయులకును నివేదించుచున్నాము.

మా అక్కగారి కుమార్తె అనంతపురమునుండి వచ్చి, సికింద్రాబాదులో మా యింట నుండి, తార్నాకయందలి ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయములో స్పానిష్ చదువుచున్నది. ఆ విద్యాలయము 1958లో కేవలము ఆంగ్లభాష కొఱకు నెలకొల్పబడి, 1972లో ఇతర విదేశభాషలను తనలో చేర్చుకొని, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైనది. "అనంతపురపు పిల్లకు స్పానిష్ ఏల?" అని బంధువులు పలువురు అడిగిరి. ఆ జిల్లా సంగతి యెఱిగినవారు అట్లడుగరు. స్పెయిన్ దేశస్థుడైన విన్సెంట్ ఫెర్రర్ 1952లో మన దేశమునకు వచ్చి, 1969లో అనంతపురము చేరి, ఆ కఱవునేలలో పేదల కొఱకు నలువది సంవత్సరములు పాటుపడి, 2009లో అక్కడనే కన్నుమూసెను. ఆయన స్థాపించిన సంస్థ ద్వారా స్పెయిన్ లోని కుటుంబములనేకము అక్కడి పిల్లల చదువులకు తోడ్పడుచున్నవి. వారికిని వీరికిని నడుమ జాబులు నడచుచున్నవి. మా మేనకోడలు ఇరుగుపొరుగు ఇండ్లకు వచ్చిన అట్టి జాబులను చూచుచు పెరిగిన పిల్ల. "ఆ జాబులలో నేమున్నదో ఒకరు చెప్పకుండ నేనే చదువుకొనవలెనని నాకు చిన్ననాటి కోరిక, మామయ్యా" అని యొకనాడు మాతో ననెను.

వానకాలపు సాయంకాలములందు ఆమె వరండాలో కూర్చుండి క్రియారూపములను వల్లించుచుండెడిది. వల్లెవేయు ధ్వని చెవిని బడినచో ఊరకుండుట ఉపాధ్యాయుని చేతగాదు. మేము పుస్తకము చేత బట్టి పాఠము ఒప్పచెప్పించుకొనుటకు కూర్చుంటిమి. నాలుగు దినములలో మాకు తెలియకయే మేము శిష్యులమైతిమి.

ఆ భాషలో క్రియలు మూడు తెగలు. 'ఆర్' అంతమందు గలవి కొన్ని, 'ఎర్' గలవి కొన్ని, 'ఇర్' గలవి కొన్ని. మాట్లాడుట యను నర్థము గల 'అబ్లార్' మొదటి తెగలోనిది. తుదనున్న 'ఆర్' తీసివేసినచో 'అబ్ల్' అను ప్రకృతి మిగులును. దానికి ప్రత్యయములు చేర్చినచో వర్తమానమున ఆఱు రూపములు వచ్చును: ఆబ్లొ, ఆబ్లస్, ఆబ్ల, అబ్లామొస్, అబ్లాయిస్, ఆబ్లన్. నేను, నీవు, అతడు లేక ఆమె, మేము, మీరు, వారు అని వరుసగా అర్థము. ఈ యొక్క క్రియను నేర్చినవానికి ఆ తెగలోని వేలకొలది క్రియలు స్వాధీనమగును. 'నేను', 'నీవు' అను సర్వనామములను వేఱుగ చెప్పనక్కఱలేదు. క్రియ తుదయే కర్తను తెలుపును. ఆంగ్లములో ఈ సౌకర్యము లేదు. మన తెలుగులో నున్నది. 'వచ్చితిని' అన్నచో వచ్చినదెవరో అడుగబని లేదుగదా. అంత దూరపు భాషలో మన యింటి పద్ధతి కనబడుట మాకు సంతోషము కలిగించెను.

మఱియొక చుట్టఱికము గౌరవవాచకమున కనబడెను. స్నేహితుని 'తూ' అనియు, పెద్దవారిని 'ఉస్తెద్' అనియు పిలుతురు. 'మీ దయ' అను నర్థము గల రెండు మాటలు అరిగి అరిగి 'ఉస్తెద్' అయినవట. దానికి క్రియ ప్రథమపురుషమున నుండును. అనగా ఎదుట నున్న పెద్దవారితో, దూరమున నున్నవారిని గూర్చి చెప్పినట్లు మాట్లాడవలెను. 'అయ్యగారు వచ్చినారా?' అని వచ్చినవారినే అడుగు మనకు ఇది వింతగాదు.

అయినను మేము తడబడని దినము లేదు. ఊనిక మొదటి అక్షరము మీద నున్నచో 'ఆబ్లొ', నేను మాట్లాడుచున్నాను. తుది అక్షరము మీద నున్నచో 'అబ్లో', అతడు మాట్లాడెను. ఊనిక యొక్కటి జరిగినచో మనిషియు మాఱును, కాలమును మాఱును. మేము ఎంత జాగ్రత్తపడినను ఆ ఊనిక తప్పిన చోటనే పడుచుండెను. తప్పు పలికినపుడెల్ల మేనకోడలు నవ్వక, "మరల చెప్పుడు, మామయ్యా" అనుచుండెను. తరగతిలో మేమట్టి తప్పు విన్నపుడు "మరల చెప్పుము" అనుటకు ముందు ఏమేమి అనుచుంటిమో జ్ఞాపకమునకు వచ్చి సిగ్గుపడితిమి.

ఒక భాషలోని క్రియలను కట్టుగా కూర్చి చూపుట సామాన్యమైన పని గాదు. స్పానిష్ భాషకు మొదటి వ్యాకరణమును నెబ్రిహ అను పండితుడు 1492లో అచ్చువేయించి ఇసబెల్ల రాణికి సమర్పించెను. మన క్రియలతో కుస్తీపట్టిన పరదేశీయులును కలరు. విలియం కేరీ 1814లోను, క్యాంబెల్ 1816లోను, బ్రౌను 1840లోను, మిషనరీ ఆర్డెను 1873లోను తెలుగు వ్యాకరణములను ఆంగ్లమున ప్రకటించిరి. నడుమ 1858లో మన చిన్నయసూరి బాలవ్యాకరణము వెలువడినది. 'మాట్లాడను, మాట్లాడవు, మాట్లాడడు' అని వ్యతిరేకార్థమును క్రియలోనే ఇముడ్చుకొను మన పద్ధతిని మొదటిసారి చూచిన పరదేశీయు లెంత విస్మయపడి యుందురో, 'అబ్లార్' చేత తడబడిన పిదపగాని మాకు తోచలేదు. స్పానిష్ లో ఆ పనికి క్రియకు ముందు 'నో' అని చేర్చిన చాలును.

కోరికను, సందేహమును, ఆశీస్సును తెలుపుటకు ఆ భాషలో వేఱొక రూపావళి యున్నది. 'ఆబ్ల' అన్నచో ఆమె మాట్లాడుచున్నది. 'ఓహలా ఆబ్లె' అన్నచో ఆమె మాట్లాడునుగాక! ఈ 'ఓహలా' చరిత్ర సికింద్రాబాదువారికి ప్రీతి కలిగించును. 711లో అరబ్బులు స్పెయిన్ ప్రవేశించిన పిమ్మట అక్కడ నిలిచిన అరబీ మాటలలో ఇది యొకటి; 'దేవుడు తలచినచో' అని మూలార్థము. మన వీథులలో దినమునకు పదిమారులు వినబడు 'ఇన్‌షా అల్లా'కు ఇది దగ్గఱి చుట్టము.

ఇంతవఱకు మా చదువు వినోదముగ నడచెను. పిదప భూతకాలము వచ్చినది.

స్పానిష్ భాషకు భూతకాలము రెండు విధములు. 'అబ్లో' అన్నచో మాట్లాడెను: ఒకసారి జరిగినది, ముగిసినది, తలుపు మూయబడినది. 'అబ్లాబ' అన్నచో మాట్లాడుచుండెడిది: ఎప్పుడు మొదలైనదో, ఎప్పుడు ముగిసినదో చెప్పక, అలవాటుగ సాగినదానిని సాగినట్లే చూపుట. రెండును గతించినవే, చూచు చూపు వేఱు. "మి మాద్రె అబ్లో అన్నచో మా అమ్మ ఒకమాట మాట్లాడి ఊరకున్నదని. మి మాద్రె అబ్లాబ అన్నచో మా అమ్మ అట్లు మాట్లాడుచుండెడిదని. మరణించినవారి అలవాట్లను చెప్పునపుడు రెండవదియే వాడవలెనట, మామయ్యా" అని మేనకోడలు సహజముగ చెప్పి పుట త్రిప్పెను.

మాకు ఆ పుట తిరుగలేదు. ఏడెనిమిది సంవత్సరముల క్రిందటి సంగతి యొకటి మనస్సున నిలిచినది. తొమ్మిదవ తరగతివారికి "మా యిల్లు" అను విషయముపై వ్యాసము వ్రాయుడని చెప్పితిమి. ఒక బాలుడు ఇట్లు వ్రాసెను: "మా అమ్మ తెల్లవారక మునుపే లేచును. జొన్నరొట్టెలు చేయును. మొదటి రొట్టె నాకు పెట్టును." ఆ బాలుని తల్లి అంతకు రెండు నెలల ముందు మరణించినది. ఆ సంగతి మేమెఱుగుదుము. వాని తండ్రి పాఠశాలకు వచ్చి మాతో చెప్పియుండెను. మేము ఎఱ్ఱసిరాతో మూడు క్రియలను కొట్టివేసి, పైన 'లేచెను', 'చేసెను', 'పెట్టెను' అని దిద్ది, అంచున 'కాలదోషము' అని వ్రాసితిమి. మూడు తప్పులకు మూడు మార్కులు తగ్గించితిమి.

ఆమె ఒకేసారి లేచెనా? ఒకేసారి రొట్టెలు చేసెనా? ఒక్క రొట్టె పెట్టి ఊరకుండెనా? మా దిద్దుబాటు చెప్పినది అదియే. గతించినదని తెలుపవలెనన్నచో 'లేచుచుండెడిది', 'చేయుచుండెడిది' అని యుండవలెను. అంతకన్న ముందు, ఆ బాలుడు వ్రాసినది తప్పని ఎట్లనగలము? 'చేయును' అనునది మన వ్యాకరణమున తద్ధర్మార్థకము. ఒకరి స్వభావమును, అలవాటును తెలుపు రూపము. తల్లి స్వభావమును చెప్పుటకు కుమారుడు దానిని వాడెను. ఆ సూత్రము మాకు కంఠస్థము. సూత్రము నోట నున్నది, చేతిలోని కలమునకు దిగలేదు.

ఆనాటినుండి ఆ బాలుడు ఏ వ్యాసమునకును నాలుగు పంక్తులు మించి వ్రాయలేదు. సంవత్సరాంతమున వాని ప్రగతి పత్రముపై మేము "శ్రద్ధ తక్కువ" అని వ్రాసితిమి.

మేము వానిని వెదకితిమి. వాని తోడి విద్యార్థుల నడుగగా చిలకలగూడ వైపున మోటారు సైకిళ్లు బాగుచేయు దుకాణములో నున్నాడని తెలిసెను. ఒక శనివారము పోతిమి. చేతులు గుడ్డతో తుడుచుకొని "నమస్తే సార్" అని లేచి నిలిచి, మాకు స్టూలు వేసి, టీ తెప్పించెను. మేము వచ్చిన పని చెప్పితిమి. "నీవు వ్రాసినది తప్పుగాదు. దిద్దినవారిదే తప్పు" అంటిమి.

అతడు కొంతసేపు నేలవైపు చూచెను. పిమ్మట, "ఆ నోటుపుస్తకము ఇంట నున్నది సార్. మీరు కొట్టివేసినను క్రింది అక్షరములు కనబడుచునే యున్నవి" అని, మా టీ చల్లారుచున్నదని జ్ఞాపకము చేసెను. అంతకుమించి ఆ విషయమై అతడు మాట్లాడలేదు. మేమును మాట్లాడలేదు.

మేము చేసినది సరియైనదని చెప్పుకొనుట లేదు. 'వ్రాసితిమి' అనునది ముగిసిన భూతకాలము. దానిని వెనుకకు త్రిప్పు ప్రత్యయము తెలుగునను లేదు, స్పానిష్ నను లేదు. మాఱినది ఒక్కటే. ఇప్పుడు ఏ విద్యార్థి పుస్తకమునందైనను కాలము తప్పినదని తోచినచో, సిరా తగిలించుటకు ముందు వానిని పిలిచి, "ఇది ఇట్లేల వ్రాసితివి?" అని అడుగుచున్నాము. పదిలో తొమ్మిదిమారులు అది తప్పే యగును. ఆ పదవది యున్నది గనుక అడుగుచున్నాము.

ప్రియ విద్యార్థులారా, ఇది చదివి క్రియారూపములు వల్లె వేయనక్కఱలేదని తలపకుడు. ఆఱు రూపములును ఎఱుగనివానికి ఆఱింటిలో నేది తన మాటయో ఏర్పఱచుకొను శక్తి యుండదు. నేర్వుడు, కంఠస్థము చేయుడు. అటుపై మీకు తెలిసి ఒక రూపము వ్రాసినపుడు, మేము దానిని కొట్టివేసినచో, లేచి నిలిచి కారణము చెప్పుడు. మేము వినెదము.