బుల్లి బరకానికి బరువు

కబుర్లకి కూర్చున్నాం కాబట్టి ఇవాళ ఒక చిన్న వస్తువు గురించి చెప్పుకుందాం. చిన్నదంటే మరీ చిన్నది, ఎనిమిది సెంటీమీటర్ల బరకం. కల్లంలో ధాన్యం మీద కప్పే బరకం మీకు తెలిసిందే. ఇది మోడల్ రైళ్లలో గూడ్సు వ్యాగన్ మీద సరుకుకి కప్పేది.

మోడల్ రైళ్లు కట్టేవాళ్లలో చాలామందికి ఇంజన్ల మీదే ప్రాణం. నాకేమో గూడ్సు బళ్లంటే ఇష్టం, అందులోనూ పాత బ్రిటన్ గూడ్సు బళ్లంటే. అక్కడ చాలాకాలం సరుకులో పెద్ద భాగం పైకప్పు లేని వ్యాగన్లలోనే నడిచింది. అది వాన దేశం. గడ్డిమోపులైనా గోతాలైనా యంత్రాలైనా కాన్వాస్ కప్పకపోతే తడిసిపోతాయి. ఆ కాన్వాస్‌కి అవిసె నూనె, దీపపు మసి కలిపి పట్టించేవారు. అందుకే కొత్త బరకం నల్లగా నిగనిగలాడేది. ప్రతి బరకం మీదా దాని సొంత రైల్వే కంపెనీ పేరులోని పొడి అక్షరాలు, ఒక నంబరు తెల్లగా వేసేవారు. ఒక కంపెనీ బరకం ఇంకో కంపెనీ లైనులోకి వెళ్తే లెక్క తేలాలి కదా! 1842లో మొదలైన రైల్వే క్లియరింగ్ హౌస్ అనే సంస్థ మనుషులు జంక్షన్లలో నిలబడి వ్యాగన్ల నంబర్లతోపాటు బరకాల నంబర్లు కూడా రాసుకునేవారు. ఆలస్యంగా తిరిగొస్తే రుసుము కూడా ఉండేది. గుడ్డముక్కకి అంత లెక్కా పత్రం ఉండేదని తెలిశాక, ఆ నంబరు లేని బరకాన్ని మోడల్ మీద పెట్టడానికి నాకు చేతులు రావు.

ఇక తయారీకి వద్దాం. బ్రిటన్ మోడళ్లలో బాగా వాడుకలో ఉన్నది ఓఓ స్కేలు. అసలు వస్తువులో అడుగు, మోడల్‌లో నాలుగు మిల్లీమీటర్లు, అంటే సుమారు 76వ వంతు. సుమారు 21 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు ఉండే బరకం ఇక్కడ 84 మిల్లీమీటర్లు, 56 మిల్లీమీటర్లు అవుతుంది. కత్తిరించడం నిమిషం పని. కష్టమంతా ఆ తర్వాతే ఉంది.

ఓ రుమాలు తీసుకుని దాని అంచు రెండు సెంటీమీటర్లు బల్ల బయటికి జరిపి చూడండి. దాదాపు అలాగే నిలబడుతుంది. అదే బట్ట మంచం మీంచి అడుగు పొడవున వేలాడితే చక్కగా జారుతుంది. కొలత 76వ వంతుకి తగ్గితే బరువు అంతకంటే ఎన్నో రెట్లు తగ్గిపోతుంది. దాంతో చిన్న బట్టకి తనంతట తాను జారేంత బరువు ఉండదు. నిజం బట్టతో చేసిన బుల్లి బరకం అట్టముక్కలా కనిపించేది అందుకే. మందం సంగతీ అంతే. మామూలు తెల్ల కాగితం మందం మిల్లీమీటరులో పదోవంతు. ఈ స్కేలులో అది ఏడున్నర మిల్లీమీటర్ల మందమైన చెక్కతో సమానం. చెక్క ఎక్కడైనా ముడత పడుతుందా?

వంటింటి ఫాయిల్ ఈ రెండు చిక్కులూ తీరుస్తుంది. దాని మందం మిల్లీమీటరులో వందోవంతు పైచిలుకు, అంటే స్కేలులో మిల్లీమీటరుకి అటూ ఇటూ. అసలు కాన్వాస్ కూడా ఇంచుమించు అంతే. పైగా వేలితో నొక్కితే నొక్కినట్టే ఉంటుంది. కాకపోతే రంగు దానికి సరిగా పట్టదు. అందుకని నీళ్లు కలిపిన ఫెవికాల్‌తో దానిమీద పల్చటి టిష్యూ కాగితం అంటిస్తాను. బంక ఆరకముందే సరుకు మీద పరచి, బరువు చేసే పనిని నా వేళ్లతో చేస్తాను. గోతానికీ గోతానికీ మధ్య దిగనొక్కాలి. పెట్టె అంచు మీద బిగుతుగా లాగాలి. వాన నీళ్లు ఎక్కడ నిలుస్తాయో ఊహించి అక్కడ చిన్న గుంట చేయాలి. కింద సరుకు లేకుండా ఉత్త స్పాంజి పెట్టి కప్పేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. లోపల ఏముందో చూసేవాళ్లకి చెప్పేది ఆ బరకం ఆకారమే.

బ్రిటన్‌లోని గ్రేట్ వెస్టర్న్ రైల్వే కంపెనీ చాలా వ్యాగన్లకి మధ్యలో పొడుగ్గా ఒక ఇనుప కమ్మీ పెట్టింది. పైకి లేపితే బరకం ఇంటికప్పులా రెండువైపులా వాలి నీళ్లు జారిపోయేవి. ఆ వ్యాగన్ చేస్తే పని సులువు, గుంటల బెడద ఉండదు. నాకు మాత్రం గుంటలున్నదే అందం.

మూలల దగ్గర ఓపిక పట్టండి. కిరాణా కొట్టువాడు పొట్లం మూతి మడిచినట్టు రెండు చివర్లూ లోపలికి మడిచి అణచాలి. లేదంటే దారిలో గాలి దూరి ఎగరేస్తుందని ఆ రోజుల్లో బరకాలు కప్పే కూలీలకి తెలుసు. తాళ్లకి కుట్టుదారం సరిపోతుంది. దానికి ముందు కొవ్వొత్తి రాస్తే నూగు అణుగుతుంది. దారం కూడా తనంతట తాను వేలాడదు కాబట్టి బంకలో తడిపి, కొసలు వ్యాగన్ కింది కొక్కేలకి చుట్టి, మిగిలిన చివర్లని పట్టకారుతో కిందికి వంచి ఆరనివ్వాలి.

రంగు నలుపే, కానీ డబ్బాలోంచి తీసిన ఉత్త నలుపు వేయకండి. ఎండకీ వానకీ తిరిగిన బరకం బూడిదరంగుకి దిగుతుంది, మడతల్లో దుమ్ము చేరుతుంది. మాసికలు వేసినచోట మాత్రం కొత్త నలుపు కనిపిస్తుంది. ఒకటో రెండో మాసికలు తప్పకుండా పెట్టండి. మరమ్మతుకి వెళ్లిరాని బరకం ఆ రోజుల్లో అరుదు. అక్షరాలు మాత్రం పరచకముందే, టిష్యూ చదునుగా ఉన్నప్పుడే వేసుకోవాలి. అప్పుడే మడతతో పాటు అవీ వంగుతాయి.

మొదలుపెట్టాలనుకుంటే ఇంజను కొనేదాకా ఆగకండి. ఒక వ్యాగన్, ఫాయిలు, టిష్యూ, కాస్త ఫెవికాల్ ఉంటే చాలు. పాత గూడ్సు యార్డు ఫొటో ఒకటి ఎదురుగా పెట్టుకుని, మూల మడతతో మొదలుపెట్టండి.