కొంపల్లిలో ఉయ్యాలో…

నాగ్‌పూర్ హైవే మీద సుచిత్ర దాటి మేడ్చల్ వైపు వస్తుంటే కొంపల్లి ఎక్కడ మొదలైందో, ఎక్కడ అయిపోయిందో చెప్పడం కష్టం. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ద్రాక్షతోటలు ఉండేవి. ఇప్పుడు ఫంక్షన్ హాళ్లు, విల్లాలు, అపార్ట్‌మెంట్లు. మా బిల్డింగ్‌లో కరీంనగర్ వాళ్లున్నారు, గుంటూరు వాళ్లున్నారు, ఒడిశా నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. ఏడాదంతా లిఫ్ట్‌లో ఓ చిన్న నవ్వు, అంతే పరిచయం. పెత్రమాస వచ్చిందంటే మాత్రం కథ మారిపోతుంది.

ఆ రోజు ఎంగిలిపూల బతుకమ్మ. అక్కణ్నుంచి సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులు. ఆరో రోజు అమ్మ అలుగుతుంది కాబట్టి ఆట ఉండదు. రోడ్డు పక్కన గునుగు, తంగేడు కట్టలు దిగుతాయి. ఊళ్లో చేను గట్ల మీద ఊరికే దొరికే పువ్వును ఇక్కడ బేరమాడి కొనాలి. సాయంత్రానికి పార్కింగ్‌లో కార్లు పక్కకు జరుగుతాయి. తాంబాళంలో వరుసలుగా పేర్చిన పూలు, పైన పసుపు గౌరమ్మ. చుట్టూ మేము.

పోయినేడు పక్క ఫ్లాట్ గుంటూరావిడ పాట రాదని దూరంగా నిలబడింది. ‘‘పాట రాకపోతే ఏమైతది వదినా! చప్పట్లు కొట్టు, ఉయ్యాలో అను, చాలు’’ అని ఓ పెద్దమ్మ చెయ్యి పట్టి లాగింది. ఒకరు పాడితే అందరూ అందుకునే ఆట ఇది. చూసేవాళ్ల కోసం కాదు, ఆడేవాళ్ల కోసం.

బ్రెజిల్ సాంబా కూడా ఇలాంటి వలయంలోంచే వచ్చింది. బహియా ప్రాంతంలో ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల సంతతి నిలబెట్టుకున్న ‘సాంబా డి రోడా’లో రోడా అంటే వలయమే. చప్పట్లు కొడతారు, కంచం మీద కత్తితో గీకుతూ తాళం వేస్తారు. ఒకరు మధ్యలోకొచ్చి ఆడి, ఇంకొకరిని పిలుస్తారు. 2005లో యునెస్కో దీన్ని గుర్తించింది. రియో కార్నివాల్ కోసం 1984లో సాంబాడ్రోమ్ కట్టాక అక్కడ ఆడేవాళ్లు మధ్యలో, చూసేవాళ్లు గ్యాలరీల్లో. అదీ సంబరమే. కానీ వలయం వేరు.

మన దగ్గరా 2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది, వైభవం పెరిగింది. దాంతోపాటు డీజే బాక్సులూ వచ్చాయి. స్పీకర్ మోగితే పాట దానిది, కాళ్లు మాత్రమే మనవి. పెద్దమ్మలు గొంతు కలపలేక కుర్చీల్లో కూర్చుంటారు. వాళ్లకొచ్చిన పాటలు వాళ్లతోనే ఆగిపోతాయి.

అందుకే ఈసారి మా దగ్గర ఓ మాట అనుకున్నాం. మొదటి గంట స్పీకర్ బంద్. డీజే తర్వాత పెట్టుకుంటాం. మీ అపార్ట్‌మెంట్‌లోనూ ఓసారి చేసి చూడండి. పక్కింటావిడ గొంతు ఎంత బాగుంటుందో అప్పుడు తెలుస్తుంది.