టో ట్రక్కు వయసు ఎలా లెక్కించాలి

డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళ మధ్య సొంత వ్యాపారం మాట వస్తే రెస్టారెంటు, గ్యాస్ స్టేషను, కిరాణా కొట్టు దాటి వేరే పేరు వినిపించడం అరుదు. టో ట్రక్కు పెట్టాలనుకునే కొద్దిమంది కూడా పాత కారు బేరమాడినట్టే దాన్నీ బేరమాడతారు: ఏ సంవత్సరం మోడలు, ఎన్ని మైళ్ళు తిరిగింది, ఎంతకిస్తారు? కారుకు సరిపోయే ఈ మూడు ప్రశ్నలూ టో ట్రక్కు దగ్గర దారి తప్పిస్తాయి. కారు పని తిరగడం. టో ట్రక్కు అసలు పనిలో సగం నిలబడి చేసేదే. ప్రమాదం జరిగిన చోట పోలీసులు పంపే దాకా ఎదురుచూస్తున్నా, చెడిన బండిని ట్రక్కు వెనక పలకలాంటి బెడ్ మీదికి లాగుతున్నా ఇంజను ఆగదు. దాని శక్తి గేర్‌బాక్సుకు బిగించిన పీటీవో ద్వారా హైడ్రాలిక్ పంపుకు వెళ్తుంది. బెడ్ వంగేది, జరిగేది, తాడుతో బండిని లాగే వించ్ తిరిగేది ఆ పంపుతోనే. అంతసేపూ ఓడోమీటరు అంకె మారదు. ఫోర్డ్ కంపెనీ తన పోలీసు కార్లకు గంట ఐడిలింగును, అంటే నిలబడి ఇంజను తిరగడాన్ని, 33 మైళ్ళ ప్రయాణం కింద లెక్కేసింది. అది పోలీసు కార్ల లెక్కే అయినా మన అంచనాకు పనికొస్తుంది. ఓడోమీటరు 1,20,000 చూపిస్తున్న ట్రక్కు 5,000 గంటలు ఐడిలింగులో గడిపి ఉంటే, దాని మీద మరో 1,65,000 మైళ్ళ అరుగుదల ఉన్నట్టు. అమ్మేవాళ్ళు ముందు మైళ్ళే చెబుతారు. గంటలు మనం అడగాలి.

ఆ గంటలు చూపించే అవర్ మీటరు మార్చేసి ఉండొచ్చు కదా అని ఎవరైనా అడిగితే, నిజమే, ఉండొచ్చు. కానీ ఇటీవలి డీజిల్ ఇంజన్ల కంప్యూటరులో మొత్తం గంటలు, ఐడిలింగు గంటలు విడివిడిగా నమోదై ఉంటాయి. స్కానరు తగిలిస్తే బయటపడతాయి. 2007 తర్వాతి డీజిల్ బండ్లలో ఇంకో చిక్కుంది. పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టరు శుభ్రపడాలంటే పొగ బాగా వేడెక్కాలి, నిలబడి తిరిగే ఇంజను అంత వేడి ఇవ్వదు. ఫిల్టరు పూడుకుపోయి దాన్ని పీకేసిన బండి అయితే చవగ్గా వస్తుంది. అలా పీకేయడం ఫెడరల్ చట్టానికి విరుద్ధం. ఆ చవక మనకొద్దు.

అయినా ఇంజను కన్నా నాకు బెడ్ మీదే ఎక్కువ అనుమానం. టో ట్రక్కు నిజానికి రెండు యంత్రాలు. చాసిస్ ఒక కంపెనీది, దాని మీది బెడ్ జెర్-డాన్, మిల్లర్ లాంటి మరో కంపెనీది. పాత బెడ్‌ను విప్పి కొత్త చాసిస్ మీద బిగించడం ఈ వ్యాపారంలో మామూలే కనుక రెండింటి ప్లేట్ల మీది సంవత్సరాలూ చూడాలి. ఆ తర్వాత చొక్కా మాసినా సరే, టార్చి పట్టుకుని కిందికి దూరాలి. బెడ్ వంగే పిన్నుల దగ్గర, సబ్‌ఫ్రేమ్ వెల్డింగుల వెంట పగుళ్ళున్నాయా? ఒక్కచోటే కొత్త రంగు ఉందా? ఒహాయో, మిషిగన్ లాంటి మంచు రాష్ట్రాల్లో రోడ్ల మీద చల్లే ఉప్పు ముందు తినేది ఈ భాగాలనే. ఇంజను పోతే ఇంకోటి బిగించవచ్చు. పగిలి తుప్పు పట్టిన ఫ్రేము మీద పెట్టిన డబ్బు తిరిగి రాదు. వించ్ తాడును పూర్తిగా విప్పించి తెగిన తీగలు, నలిగిన చోట్లు వెతకాలి. వించ్ మీద రాసిన సామర్థ్యం డ్రమ్ము మీద మొదటి వరస తాడుకే. వరస పైన వరస చుట్టుకుంటూ పోతే లాగే బలం తగ్గుతుంది.

బరువు లెక్క కూడా కాగితం మీద తేలేది కాదు. రామ్ 5500 ట్రక్కు మోసే బరువుతో కలిపి మొత్తం పరిమితి 19,500 పౌండ్లు. బెడ్‌తో కలిపి ఖాళీగానే 13,000 తూగితే మిగిలేది 6,500. ఒక మామూలు సెడాన్‌కు అది చాలా ఎక్కువ, 9,000 పౌండ్లు దాటే ఎలక్ట్రిక్ హమ్మర్‌కు చాలదు. నాలుగు చక్రాలూ నేలకు తగలకుండా మోయాల్సిన ఎలక్ట్రిక్ కార్లు పెరుగుతున్న ఊళ్ళలో ఇది చిన్న విషయం కాదు. పెద్ద చాసిస్ కొందామంటే 26,001 పౌండ్ల నుంచి కమర్షియల్ లైసెన్సు కావాలి. హైవే పక్క ట్రక్ స్టాపుల్లో ఉండే క్యాట్ కాటా మీద ఖాళీ బండిని తూచితే ఇరుసుల వారీగా లెక్క చేతికొస్తుంది.

ఇంత తతంగం దేనికి, మంచి మెకానిక్కుకు చూపిస్తే చాలదా అంటారు. మెకానిక్కు చూడాల్సిందే, కాదనను. అయితే ఆయన సాధారణంగా ఇంజను, బ్రేకులు, స్టీరింగు చూస్తాడు. హైడ్రాలిక్కులు తెలిసినవాడు వేరే ఉంటాడు. ఇద్దరి ఫీజూ కలిపినా ఒక్క హైడ్రాలిక్ సిలిండరు మార్చే ఖర్చు ముందు భారం కాదు. ఇన్సూరెన్సు ఉంటుంది కదా అనేవాళ్ళూ ఉన్నారు. మోస్తున్న కారుకు జరిగే నష్టానికి ఆన్-హుక్ పాలసీ ఉన్నమాట వాస్తవం. మన బండి అరుగుదలకు మాత్రం అది పైసా ఇవ్వదు. ఈ పరీక్షలు పెడితే అమ్మేవారు విసుక్కుని వేరేవారికి ఇచ్చేస్తారన్న భయంలో కొంత నిజముంది, మంచి బండి చేజారవచ్చు కూడా. కానీ నిజంగా మంచి బండి ఉన్నవారికి బరువెత్తి చూపించడంలో నష్టమేముంటుంది? ఒక కారును ఎక్కించి, బెడ్‌ను సగం వంచి, పీటీవో ఆపేసి పది నిమిషాలు వదిలేయమనండి. బెడ్ తనంతట తాను దిగినా, సిలిండరు నుంచి నూనె కారినా ఆ మరమ్మతు ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. బరువు పెట్టి చూపించనంటే మాత్రం ఎంత తక్కువకిచ్చినా ఆ ట్రక్కు కొనకండి.