కనబడని వారి లెక్క

ఉదయపు నడకలో నాతో కలిసే విశ్రాంత గణితోపాధ్యాయులొకరు ఈ మధ్య ఒక ప్రశ్న వేశారు. "డాక్టరు గారూ, సెక్స్ వర్కర్లు ఇన్ని లక్షలమంది, మత్తుమందు సూదితో ఎక్కించుకునేవారు ఇన్ని లక్షలమంది అని పత్రికల్లో రాస్తుంటారు. ఇంటింటికీ వెళ్లి అడిగితే ఎవరైనా ఒప్పుకుంటారా? ఈ లెక్కలు ఎక్కడినుంచి వస్తాయండీ?" ప్రశ్న న్యాయమైనదే. జనాభా లెక్కలవారు వచ్చి ఇంట్లో ఎందరున్నారని అడిగితే మంచినీళ్లిచ్చి మరీ చెబుతాం. ఈ ప్రశ్న అడిగితే తలుపు మూసేస్తాం.

అసలీ లెక్క ఎందుకో ముందు చెబుతాను. మన దేశంలో వయోజనులలో హెచ్.ఐ.వి. ఉన్నవారు సుమారు 0.2 శాతం. సెక్స్ వర్కర్లు, పురుషులతో లైంగిక సంబంధమున్న పురుషులు, హిజ్రాలు, సూదితో మత్తుమందు తీసుకునేవారు - వీరిలో ఆ శాతం ఎన్నో రెట్లు ఎక్కువ. ముప్పు వారి పుట్టుకలోనో గుణంలోనో లేదు. పంచుకున్న సూదిలో, కండోమ్ లేని కలయికలో, ఆసుపత్రికి రావాలంటే పుట్టే భయంలో ఉంది. అందుకే నివారణ కార్యక్రమాలు ముందుగా వీరి దగ్గరకే వెళ్లాలి. ఎన్ని కండోములు, ఎన్ని కొత్త సూదులు, ఎన్ని పరీక్ష కిట్లు, ఎందరు కార్యకర్తలు కావాలన్నది వీరి సంఖ్యను బట్టే తేలుతుంది. సుమారు అరవై మందికి వారిలోనుంచే వచ్చిన ఒక పీర్ ఎడ్యుకేటర్ ఉండాలని మన జాతీయ కార్యక్రమం ఒక లెక్క పెట్టుకుంది.

ఒక పట్టణంలో వెయ్యిమంది ఉన్నారనుకొని ఎనిమిది వందల మందిని చేరుకుంటే, ఎనభై శాతం సాధించామని నివేదిక రాసుకోవచ్చు. నిజంగా ఉన్నది రెండు వేలయితే చేరుకున్నది నలభై శాతమే. మిగిలిన పన్నెండు వందల మంది ఏ కాగితంలోనూ కనబడరు. వారికోసం మందు రాదు, మనిషీ రాడు.

మా మాస్టారికి నేను చేపల కథ చెప్పాను. పందొమ్మిదవ శతాబ్దం చివర డెన్మార్కుకు చెందిన పీటర్సన్ అనే జీవశాస్త్రవేత్త చేపలకు గుర్తులు కట్టి నీటిలో వదిలి, మళ్లీ పట్టి చూసేవాడు. ఆ ఉపాయమే నేడు మనుషుల దగ్గరకు వచ్చింది. మొదటి వారం కార్యకర్తలు ఊరంతా తిరిగి రెండు వందల మందికి తలా ఒక కీచెయిన్ ఇస్తారనుకోండి. రెండు వారాల తరువాత వేరే బృందం వెళ్లి నూట యాభై మందిని కలిస్తే, వారిలో ముప్ఫైమంది దగ్గర ఆ కీచెయిన్ ఉంది. అంటే రెండవసారి కలిసిన ప్రతి అయిదుగురిలో ఒకరు మొదటిసారి దొరికినవారే. కనుక మొదట దొరికిన రెండు వందలు మొత్తంలో అయిదో వంతు, మొత్తం వెయ్యి. మాస్టారు వెంటనే "అడ్డగుణకారం" అన్నారు. అంతే.

అయితే చేప తన గుర్తును చెల్లెలికి బహుమతిగా ఇవ్వదు. నేను కోస్తా జిల్లా ఆసుపత్రిలో సుఖవ్యాధుల విభాగం చూస్తున్న రోజుల్లో ఇటువంటి లెక్కకు వెళ్లిన కార్యకర్తలతో కలిసి కూర్చునేవాణ్ణి. ఒకామె "రంగు బాగుందని మా చెల్లి పట్టుకుపోయిందండీ" అన్నది. ఆ చెల్లెలు ఊళ్లో కూలికి వెళ్లే మనిషి. ఈ వృత్తితో సంబంధం లేదు. మరొకామె అత్తగారు అడుగుతుందని దాన్ని కాలువలో పారేసింది. ఇలా గుర్తులు మాయమైనప్పుడు రెండవసారి తక్కువమంది దగ్గర కనబడి, మొత్తం సంఖ్య ఉన్నదానికంటె పెరిగిపోతుంది. దీనికి సరిగ్గా ఎదురైన తప్పు ఇంకొకటి: బస్టాండు దగ్గర నిలబడే మనిషి రెండు బృందాలకూ సులువుగా దొరుకుతుంది, ఇంటినుంచి కదలని మనిషి రెండింటికీ దొరకదు. అప్పుడు సంఖ్య తగ్గిపోతుంది. నా దృష్టిలో రెండవది ఎక్కువ ప్రమాదకరం. ఎవరిని చేరుకోవడం కష్టమో, సరిగ్గా వారే లెక్కనుంచి జారిపోతున్నారు.

ఇంకొక పద్ధతిలో ఆసుపత్రి రిజిస్టరును వాడుకుంటారు. మూడు నెలల్లో క్లినిక్కుకు మూడు వందల మంది వచ్చారని రిజిస్టరు చెబుతుంది. విడిగా చేసిన సర్వేలో నూటికి ఇరవైమంది ఆ క్లినిక్కుకు వెళ్లామన్నారు. కనుక మొత్తం పదిహేను వందలు. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. కాని మా విభాగంలో ఒకే మనిషి మూడు పేర్లతో మూడు చీటీలు రాయించుకున్న సందర్భాలు నాకు తెలుసు. ఆ పేర్లు నిజమైనవేనా అని నేనెన్నడూ ఆరా తీయలేదు. తీసివుంటే నాలుగోసారి వచ్చేవారు కారు.

చోట్లను గుర్తించి పటం గీయడం మన దేశంలో ఎక్కువగా వాడిన పద్ధతి. రైల్వే స్టేషను, సినిమా హాలు వెనుక సందు, లారీలు ఆగే దాబా; ఆటోవాళ్లనూ పాన్ షాపువాళ్లనూ అడిగి, ఒక్కొక్క చోట ఎందరుంటారో కనీసం, గరిష్ఠం రాసుకుంటారు. కలకత్తా సోనాగాఛీ వంటి పేటలలో ఇది బాగా నడుస్తుంది. మన ఆంధ్రలో అటువంటి పేటలు తక్కువ. ఇళ్లనుంచీ రోడ్ల మీదా సాగే వ్యవహారమే ఎక్కువ. పైగా సెల్‌ఫోను వచ్చాక బేరం ఫోనులోనే కుదురుతోంది. పటం మీద చుక్క పెట్టడానికి చోటే లేకుండా పోయింది.

లెక్కపెట్టే చోటుకు ఎవరు వస్తారన్నది ఎంత తేడా తెస్తుందో గుంటూరు జిల్లా చూపించింది. అక్కడ కొలిచింది ముప్పున్నవారిని కాదు, హెచ్.ఐ.వి. సోకినవారిని, అయినా చిక్కు ఒకటే. ఆసుపత్రులకు వచ్చే గర్భిణుల, సుఖవ్యాధుల రోగుల రక్తపరీక్షల ఆధారంగా వేసిన అంచనా, ఇంటింటికీ వెళ్లి రక్తం తీసి పరీక్షించిన అధ్యయనం కంటె సుమారు రెండున్నర రెట్లు ఎక్కువగా తేలింది. హెచ్.ఐ.వి. అనుమానమున్న రోగులను ప్రభుత్వాసుపత్రికి పంపేయడం, బీదవారే అక్కడికి ఎక్కువగా రావడం దీనికి కొన్ని కారణాలని 2006లో ఆ పరిశోధకులు రాశారు. మరుసటి ఏడాది దేశం మొత్తం అంచనా కూడా యాభై లక్షల పైనుంచి సుమారు 25 లక్షలకు దిగింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో లక్షమందికి పైగా రక్తపరీక్షలు చేయడం, నిఘా కేంద్రాలు పెరగడం వల్ల వచ్చిన మార్పది. రాత్రికి రాత్రి పాతిక లక్షలమందికి జబ్బు నయం కాలేదు. ఆ రోజుల్లో కొందరు మిత్రులు "ఇదంతా విదేశీ నిధుల కోసం పెంచి చూపించారు" అన్నారు. పాత అంచనా వేసినవారికి దొరికిన రక్తం ఆసుపత్రి రక్తమే. ఉన్నదానితో లెక్క కట్టారు. మెరుగైన కొలబద్ద వచ్చాక దిద్దుకున్నారు. దాన్ని మోసమనడం నాకు సబబుగా తోచదు.

2009 నాటి జాతీయ లెక్క ప్రకారం మహిళా సెక్స్ వర్కర్లు 8.68 లక్షలు, పురుషులతో సంబంధమున్న పురుషులు 4.12 లక్షలు, సూదితో మత్తుమందు తీసుకునేవారు 1.77 లక్షలు. ఈ అంకెలను తూకపురాయిలా చూడకండి. ప్రతి అంకెకూ కిందొక హద్దు, పైనొక హద్దు ఉంటాయి. పత్రికలు మధ్య అంకెను మాత్రం అచ్చువేస్తాయి.

ఇక మా మాస్టారి రెండవ ప్రశ్న: "ఆధార్ తీసుకుంటే పోలా? ఒకే మనిషి రెండుసార్లు రాకుండా ఉంటుంది." లెక్కకు అది నిజంగానే మేలు. మనిషికి కాదు. పేర్ల జాబితా ఒకటి తయారైతే అది ఏదో ఒకరోజు పోలీసు చేతికో, ఇంటి యజమాని చేతికో, భర్త చేతికో పడుతుందన్న భయం ఈ వర్గాలలో ఉంది, అది ఊరికే పుట్టిన భయం కాదు. ఇద్దరు వయోజన పురుషుల ఇష్టపూర్వక సంబంధం మన చట్టంలో 2018 సెప్టెంబరు దాకా నేరమే. అటువంటప్పుడు లెక్కకు ఎదురుగా వచ్చి నిలబడేదెవరు? అందుకే ఎందరో తెలుసుకుంటూ ఎవరో తెలుసుకోకుండా ఉండే దారులు వెతికారు. కీచెయిన్ మీద పేరుండదు.

కార్యకర్తలతో తిరిగిన ఆ రోజుల్లో ఒక పెద్దావిడ లెక్క రాసుకుంటున్న కుర్రవాణ్ణి ఆపి అడిగింది: "నాయనా, పోయినేడు కూడా రాసుకుపోయారు. మందుల బండి ఎప్పుడొస్తుంది?" అతను తలెత్తి నా వంక చూశాడు. ఆ ఊరి సంఖ్య నివేదికలోకి ఎక్కి, నిధులు మంజూరై, వారానికొకసారి క్లినిక్ పెట్టడానికి ఏడాది పైనే పట్టింది. తరువాతి లెక్కకు అక్కడ జనం వెనకటికంటె ఎక్కువమంది వచ్చారు. వృత్తిలో మనుషులు పెరగలేదు, దాక్కునేవారు తగ్గారు.

పరీక్ష గురించి అడిగేవారికి ఒక మాట. ప్రభుత్వాసుపత్రులలోని ఐ.సి.టి.సి. కేంద్రాలలో హెచ్.ఐ.వి. పరీక్ష ఉచితం. మీ సమ్మతి లేనిదే చేయకూడదని, ఫలితం గోప్యంగా ఉంచాలని 2017 నాటి చట్టం చెబుతోంది. సందేహాలకు 1097 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు.