మర్యాదలు తగ్గాయి

ఈ పాతికేళ్ళ కాపురంలో నా బీఏ తెలుగు పనికొచ్చిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. చుట్టాల శుభలేఖల్లో తప్పులు దిద్దడం, అపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు మీద వాచ్‌మన్ రాసిన "నీరు రావు"ని "నీళ్ళు రావు" చేయడం, అంతే. మా అత్తగారైతే ఉన్నన్నాళ్ళూ "తెలుగులో డిగ్రీ ఏవిటే, తెలుగు ఎవరికి రాదూ?" అని నవ్వేవారు. నిజం చెప్పొద్దూ, కొన్నాళ్ళకి నాకూ అదే అనిపించింది.

మావాడి ఇంజనీరింగ్ అయ్యాక ఒక కంపెనీ ఆఫర్ లెటర్ ఇచ్చింది గానీ చేరే తేదీ ఇవ్వలేదు. అలా పదకొండు నెలలు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ కాఫీ గ్లాసు అందుకుంటూ "అబ్బాయి ఎక్కడ చేస్తున్నాడు?" అనడం, వాడు గదిలోకెళ్ళి తలుపేసుకోవడం మామూలైపోయింది. ఒకరోజు ఆ తలుపు తీసుకుని వంటింట్లోకొచ్చి "అమ్మా, టీషర్టులు ఆన్‌లైన్లో అమ్ముదామనుకుంటున్నా. తెలుగులో డిజైన్లకి ఐడియాలు చెప్తావా?" అన్నాడు. గోంగూర వలుస్తున్న చెయ్యి ఆగిపోయింది. ఐడియాల గురించి కాదు, వాడు నాతో అంత పొడుగు మాట మాట్లాడి ఎన్నాళ్ళయిందా అని.

మా ఆయన మాత్రం "చొక్కాల మీద రాతలు అమ్ముకోవడానికా నాలుగేళ్ళు ఫీజులు కట్టాం?" అన్నారు. ఫీజులు కట్టింది ఆయన పీఎఫ్ లోంచి లెండి, ఆ మాట అనడానికి ఆయనకి హక్కుంది. నేను మాత్రం చీటీ పాడి తెచ్చిన నలభై వేలు వాడి చేతిలో పెట్టాను. తిరుప్పూరు నుంచి ఉత్త కాటన్ టీషర్టులు వచ్చాయి, 180 జీఎస్ఎమ్‌వి. జీఎస్ఎమ్ అంటే చదరపు మీటరు గుడ్డ బరువు ఎన్ని గ్రాములో ఆ లెక్క. పట్టుచీర నాణ్యం చేత్తో పట్టుకుని చెప్పేదాన్ని, ఈ లెక్క మాత్రం వాడే నేర్పాడు.

ఇక ఐడియాలు. పాల లెక్కల నోటుబుక్కు వెనక వైపు నుంచి మొదలుపెట్టి మూడు పేజీలు రాశాను. అన్నీ పద్యపాదాలే! వాడు ఓపిగ్గా చూసి "అమ్మా, బస్సులో ఎదురుగా నిలబడ్డవాడు రెండు సెకన్లు చూస్తాడంతే. ఈలోగా వాడి స్టాపొచ్చేస్తుంది" అన్నాడు. సినిమా డైలాగులు వాడే వద్దన్నాడు. అవి వేరేవాళ్ళ సొత్తు, అనుమతి లేకుండా వేసి అమ్ముకోకూడదట.

అక్షరాల రూపాలు ఎంచుకునే రోజు మాత్రం భలే సరదాగా గడిచింది. గూగుల్ ఫాంట్స్‌లో డబ్బు కట్టకుండా వాడుకోగలిగిన తెలుగు ఫాంట్లు చాలా ఉన్నాయి. వాటి పేర్లు చదువుతుంటే నా డిగ్రీ సిలబసు నాకే అప్పజెప్పినట్టుంది: పెద్దన, ధూర్జటి, తిమ్మన, తెనాలి రామకృష్ణ, గిడుగు, గురజాడ, సురవరం. మావాడు "పెద్దన మరీ సన్నగా ఉన్నాడమ్మా, రామభద్ర పెట్టనా?" అంటే నవ్వాపుకోలేకపోయాను. మనుచరిత్ర రాసినాయన అని చెబితే "ఓ, మనిషా!" అన్నాడు.

పద్యాలు పక్కనపెట్టి, ఇంట్లో నోటికొచ్చే మాటలు రాయడం మొదలెట్టాను. "తిన్నావా?" "ఇంకాస్త వేసుకో." "ఫ్యాను ఆపావా?" "చేరాక ఫోన్ చెయ్యి." ఇవేం డిజైన్లురా అని నేనే మొహమాటపడ్డాను. తీరా మొదట అమ్ముడుపోయింది "చేరాక ఫోన్ చెయ్యి". కొన్నవాళ్ళలో ఎక్కువమంది బెంగుళూరులోనూ పూణెలోనూ హాస్టళ్ళలో ఉంటున్న పిల్లలే. ఏ తల్లి చెప్పిన మాట ఏ పిల్ల వేసుకుని తిరుగుతోందో! నెలకి ఇరవై, పాతిక షర్టులు పోయేవి. లాభం పెద్దగా ఏం లేదు గానీ తలుపు మూసుకోవడం తగ్గింది.

అప్పుడొచ్చింది పెళ్ళివాళ్ళ ఆర్డరు. సంగీత్‌కి రెండు వైపుల కుర్రకారుకీ కలిపి ఎనభై. ఇటువాళ్ళకొకటి, అటువాళ్ళకొకటి రాత కావాలన్నారు. నాకు ఆలోచించే పనే పడలేదు. ఆడపెళ్ళివారికి "ఇంకో గారె వేయించుకోండి", మగపెళ్ళివారికి "మర్యాదలు తగ్గాయి". ఫోన్లోనే వాళ్ళు విరగబడి నవ్వారు.

నేను మాత్రం ఫోన్ పెట్టాక కాసేపు అలాగే కూర్చున్నాను. ఆ రెండో మాట నా సొంత కల్పన కాదు. 1999లో మా పెళ్ళిలో విడిదింటికి టిఫిను అరగంట ఆలస్యమైందని మా ఆయన మేనమామ అలిగి, పెట్టె సర్దుకుని అరుగు మీద కూర్చుని అన్న మాట. మా నాన్న కండువా తీసి చేత్తో పట్టుకుని ఆయన ముందు నిలబడ్డారు. నేను పెళ్ళికూతురి ముస్తాబులో కిటికీలోంచి చూశాను. ఆ దృశ్యాన్ని ఎనభైమంది నవ్వుకోవడానికి అమ్ముతున్నానా అనిపించింది. మళ్ళీ, నవ్వితేనేం పోతుంది అనీ అనిపించింది. ఏదీ తేలకుండానే డిజైను వెళ్ళిపోయింది.

షర్టులు ప్రింటయి ఇంటికొచ్చాయి. మావాడు సంబరంగా ఒకటి విప్పి భుజాలు పట్టుకుని చూపించాడు. "మర్ యాదలు తగ్ గాయి" అని ఉంది. ఒత్తులన్నీ విడిపోయి, పక్కన పొల్లులు వేలాడుతున్నాయి. వాడు డిజైను చేసే సాఫ్ట్‌వేర్‌లో మన భాషల కోసం ఒక సెట్టింగు వేరే మార్చుకోవాలట. అది మార్చకుండా అతికిస్తే ఒత్తులు ఇలా ఊడిపోతాయి. ప్రింటు వేసే కుర్రాడు ఉత్తరాదివాడు, తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు. మరి మావాడు? నలభై షర్టులు ఒక్కొక్కటే లెక్కపెట్టి తీసుకున్నాడు కదా.

"బానే ఉంది కదమ్మా?" అన్నాడు. వాడికి కనిపించలేదు.

వాణ్ణి తిడదామని నోరు తెరిచి మూసేశాను. ఇంటర్లో మార్కులు బాగా వస్తాయని రెండో భాషగా సంస్కృతం ఇప్పించింది ఎవరు? ఫారం మీద నేనే దగ్గరుండి రాయించాను. అందులో నూటికి తొంభై ఎనిమిది వచ్చాయని వీధంతా చెప్పుకున్నాను కూడా. తెలుగు బీఏ తల్లిని నేను, ఒత్తు ఊడితే గుర్తుపట్టలేని కొడుకు వాడు. షర్టుకి రెండు వందల యాభై లెక్కన పదివేలు పోయాయి, చీటీ డబ్బులో పావు వంతు. అవి ఎలాగోలా పూడుతాయి లెండి.

తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపించాను. వాడు చాలాసేపు చూసి "ఇన్నాళ్ళూ నేను మాటని గుర్తుపడుతున్నానమ్మా, అక్షరాల్ని చదవట్లేదు" అన్నాడు. మళ్ళీ షర్టులు తెప్పించాడు. ఈసారి ప్రింటుకి ముందు కాగితం మీద తీసి, నా పక్కన కూర్చుని, ఒక్కొక్క అక్షరం పైకి చదివాడు. మకి ర, రకి యావత్తు. ఒకటో తరగతిలో కూడా అంత శ్రద్ధగా చదవలేదు.

రెండోసారి వచ్చిన షర్టులు హాల్లో పరుచుకుని మడతలు పెడుతున్నాం. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూ ఒకటి చేతిలోకి తీసుకుని చదివారు. నవ్వలేదు.

"మా మావయ్యే కదూ ఇది?" అన్నారు.

"ఆయనే."

ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని మడతలు పెట్టడం మొదలెట్టారు. నాలుగైదు అయ్యాక, తలెత్తకుండానే, "మీ నాన్నగారు ఆ పూట భోజనం చెయ్యలేదు. నేను చూశాను. లేచి ఆయన దగ్గరికి వెళ్ళాల్సింది" అన్నారు.

పాతికేళ్ళలో ఆ మాట మా ఇద్దరి మధ్యా రాలేదు. ఆయన చూశారని కూడా నాకు తెలీదు. ఏమనాలో తోచక "కాఫీ పెట్టనా?" అన్నాను.

"ఉండు, ముందిది కానీ" అని, మావాడి వైపు తిరిగి, "ఎల్ సైజు ఒకటి తక్కువొచ్చినట్టుంది, మళ్ళీ లెక్కపెట్టు" అన్నారు.